మూతికి పెట్టే మత్తు

అల్లూరు దాటాక మా ట్రక్కు నీళ్లలో ఆగిపోయింది. తుఫాను తీరం దాటిన రెండో రోజు. అక్కడి నుంచి పెట్టెలు భుజాలకెత్తుకుని నడిచాం. ఊరి బడిలో ఆపరేషన్ బల్ల వేయాలని ఆదేశం. మధ్యాహ్నానికి వేశాం. సైన్యంలో నేను తుపాకీ పట్టింది తక్కువ, ఆపరేషన్ గదిలో సహాయకుడిగా నిలబడింది ఎక్కువ. మాది చిట్టమూరు కాబట్టి ఈసారి డాక్టర్ల మాటలు తెలుగులో చెప్పే పని కూడా నా నెత్తినే పడింది.

ఊరివాళ్లు మమ్మల్ని చూసి సంతోషపడలేదు.

"ఇప్పుడొచ్చినారా? అందరం చచ్చినాక రావాల్సింది" అని ఒకాయన మొహం మీదే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మేమేమన్నా పేకాడుకుంటూ కూర్చున్నామా?

అంతలో ఒక జాలరిని తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. పాతికేళ్లుంటాయి. అలలకు కొట్టుకొచ్చిన పడవ పొట్టకి తగిలింది. లోపల రక్తం కారుతోంది, వెంటనే కోయాలన్నారు మా సర్జన్ మేజర్. నేను రేడియో అందుకున్నాను.

"నెల్లూరు రోడ్డు తెరిచారా? ఓవర్."

"లేదు. రెండు చోట్ల తెగింది. మీరే చూసుకోండి. ఓవర్."

మత్తు డాక్టరు కెప్టెన్ మేడమ్ గ్యాస్ యంత్రం సిద్ధం చేసి మాస్కు చేతిలోకి తీసుకున్నారు. అంతే, వాడి తల్లి బల్లకి అడ్డం పడింది.

"మూతికి పెట్టేది వొద్దు! పెడితే నా బిడ్డ చస్తాడు!"

మేజర్ గారికి కోపం నషాళానికెక్కింది. "ఈ మూఢనమ్మకాలు వినే టైం లేదు, ఆమెను బయటికి గెంటు" అని హిందీలో నా మీద అరిచారు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన ఆయన మీద పుట్టిన అసహ్యం నాకు ఇప్పటికీ పోలేదు. మేడమ్ మాత్రం మాస్కు కింద పెట్టారు. ఎందుకు వద్దంటోందో అడగమన్నారు.

"మా తమ్ముడికి అట్నే పెట్టినారు నాయనా. దవడ ఆపరేషను. ఒళ్లంతా కట్టె మాదిరి బిగుసుకుపోయినాడు. ముట్టుకుంటే చెయ్యి కాలింది. సాయంత్రానికి పోయినాడు. జొరమొచ్చింది, మీ ఖర్మ అన్నారు."

నేను హిందీలో చెబుతుంటే మేడమ్ మొహం మారిపోయింది. కొన్ని కుటుంబాల్లో ఇది పుట్టుకతోనే వస్తుందట. మత్తు వాయువు పీలిస్తే కండరాలు బిగిసి ఒళ్లు కాలిపోతుంది. నరంలోకి ఎక్కించే మత్తుతో ఆ ప్రమాదం లేదు. అలాంటివాళ్లకి అదీ పడదంటూ ఆవిడ ట్రేలోంచి ఒక ఇంజెక్షన్ కూడా తీసి అవతల పెట్టారు.

"నరంలోకే ఇస్తాను. ఆ యంత్రం అసలు వాడొద్దు, గొట్టాల్లో గ్యాస్ మిగిలి ఉంటుంది. ఊపిరి నువ్వు రబ్బరు గాలిసంచి నొక్కి ఇవ్వు" అన్నారు నాతో.

"ఉన్న మందంతా వీడికే అయిపోతుంది" అన్నారు మేజర్.

"అవనివ్వండి సార్. గ్యాస్ మాత్రం పెట్టను."

మేడమ్ మందు ఎక్కిస్తూ కూర్చున్నారు. నేను సంచి నొక్కుతూ నిలబడ్డాను. కిటికీలోంచి ఉప్పగాలి, చచ్చిన రొయ్యల కంపు. వేళ్లు తిమ్మిరెక్కాయి. మేజర్ గారు పొట్ట కోసి పని కానిచ్చారు. రక్తం ఆగింది. కుట్లు పడ్డాయి. వాడు తనంతట తాను ఊపిరి తీసుకున్నాడు.

తల్లిని లోపలికి పిలిచాను. దణ్ణం పెట్టలేదు, ఏడవలేదు.

"మా తమ్ముడప్పుడు కూడా ఇట్టా ఒక్కమాట అడిగుంటే మీ సొమ్మేం పోయేది?" అని నన్ను నిలదీసింది.

నీళ్లు తీశాక వెనక్కి వచ్చేశాం. తర్వాత రిటైరై చిట్టమూరు చేరాను. ఇక్కడ అందరూ అడిగేది ఒకటే, సరిహద్దులో ఎంతమందిని కాల్చావని. విసుగొస్తుంది. నా కళ్ల ముందు నుంచి పోనిది ఆ తల్లే. ఆపరేషనయ్యాక ఒక అరచెయ్యి కొడుకు నుదుటి మీద, రెండోది తన నుదుటి మీద పెట్టుకుని, ఏది వేడో తేల్చుకోలేక, మళ్లీ మళ్లీ చేతులు మార్చుకుంటోంది.