వరద తీసిన వాకిట్లో ముగ్గు

వంశధార వరద నిన్న తీసింది. ఒక పత్రిక కోసం ఫొటోలు తీయడానికి ఈ పొద్దున్న శ్రీముఖలింగం దగ్గర ఒక ఊరికి వెళ్లాను. ఓ ఇంటి ముందు నడివయసు రైతమ్మ బురదంతా గంపలతో ఎత్తిపోసి, వాకిలి అలికి, ముగ్గు పెడుతోంది. వెనక గోడ మీద నీటి చార ఆమె తల కంటే ఎత్తున ఉంది. ఫొటో తీసి అక్కడి నుంచే పంపాను.

వెంటనే పత్రిక ఆఫీసు నుంచి ఎడిటర్ ఫోను. చేతిలో కెమెరా ఉందని స్పీకర్లో పెట్టాను.

"ముగ్గేంటండీ, పండగలా ఉంది! ఆవిడని బురదలో నిలబెట్టి, కాస్త ఏడుస్తున్నట్టు తీయండి."

ఆమె వినేసింది.

"ఎత్తిపోసిన బురద మళ్లీ తెచ్చి పోసుకోమంటన్నాడేటి బాబూ? మా అత్త కాలంలో ఇలాటి వరద ఎప్పుడో ఓపాలి వచ్చీది. ఇప్పుడు ఏటేటా వస్తన్నాది. వచ్చినప్పుడల్లా ఏడుస్తా కూకుంటే మా వాకిట్లో ముగ్గెప్పుడు పడతాది? ఆడినొచ్చి ఒక్క గంప ఎత్తమను. ఆడి ఏడుపు ఫొటో తీద్దువు గాని."

ఆ ఎడిటర్ మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఇంకా "కన్నీళ్లు కనపడితే చాలు" అంటూనే ఉన్నాడు. ఫోను కట్ చేసి అదే ఫొటో మళ్లీ పంపాను.

సాయంత్రం వాళ్ల వెబ్‌సైటు చూశాను. ఈ ఊరి వార్త కింద పోయినేడాది వరద ఫొటో పెట్టారు. అందులో ఎవరో ముసలమ్మ బురదలో నిలబడి ఏడుస్తోంది.

వాళ్లకి పనికిరాని ముగ్గు ఫొటో ఇక్కడ పెడుతున్నాను. ఆ గోడ మీద చార మీకైనా కనిపిస్తోందా?