జపాను వెళ్ళిన రొయ్య, మా బోరింగు నీళ్ళు

మొన్న మా మనవరాలు సోషల్ ప్రాజెక్టని చెప్పి, నా చేత అట్ట మీద దేశదేశాల జెండాలు అంటింపించింది. ఐదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి, ఎటు తిప్పి అంటించినా ఒకటే కదా అని ముందు జపాను జెండానే తీసుకున్నాను గానీ, ఆ ఎర్ర బొట్టు చూడగానే పాత భయం ఒకటి లేచి కూర్చుంది.

రొయ్యల చెరువులు కొత్తగా వచ్చిన రోజులు మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. భీమవరం నుంచి నరసాపురం దాకా వరిచేలు చెరువులైపోతుంటే, నేను మా ఊరి ప్రెసిడెంటు గారి చెరువు మీద మేత జల్లే పనిలో కుదిరాను. పనికంటే నా నోరు నచ్చి పెట్టుకున్నారాయన. గట్టు మీద నేనేదో ఒకటి అనాలి, ఆయన పొట్ట పట్టుకుని నవ్వాలి.

అప్పుడే మా హైస్కూలుకి కొత్త సోషల్ మాస్టారొచ్చారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబితే ఆయనకి తోచదు కాబోలు, పరదేశాల పాఠాన్ని మా ఊరి రొయ్యతో మొదలుపెట్టారు. ఇది ఏ దేశం వెళ్తుంది, అక్కడ దీన్ని తినే పిల్లలు ఏ బడికెళ్తారు, ఏ నీళ్ళు తాగుతారు అని. ఆ వెనకే పౌరుల హక్కుల పాఠం. దానికి పరీక్ష కాగితం మీద కాదు, గ్రామసభలో లేచి ఒక ప్రశ్న అడగడం. ఏడో తరగతి తరఫున మా అమ్మాయిని ఎంచారు.

ఆ ప్రశ్న అది ఇంట్లో వల్లిస్తుంటే విని బెంబేలెత్తిపోయాను. చెరువుల ఉప్పు నేలలోకి దిగి బోరింగు నీళ్ళు నోట పెట్టలేకుండా అయ్యాయని ఊరందరికీ తెలుసు, పైకి అనేవాడే లేడు. మా పొయ్యి వెలిగేది ఆ చెరువు మీదే. ప్రశ్న మార్పించమని బతిమాలితే, అది మీ అమ్మాయి ప్రశ్న, తననే అడగండి అన్నారు మాస్టారు. అడిగితే అదేమో, "నువ్వు రోజూ ప్రెసిడెంటు గారిని ఏదో ఒకటి అంటావు కదా నాన్నా, నేనొక్కసారి అంటే ఏం?" అంది.

సభ నాడు వెనక గోడకి చేరబడ్డాను. అమ్మాయి లేచి, "మన రొయ్యలు తినే జపాను పిల్లలకి మంచినీళ్ళున్నాయంటండి. వాటిని పెంచే ఊళ్ళో మాకెందుకు లేవండి?" అంది. ప్రెసిడెంటు గారు దాన్ని చూడలేదు, నన్ను చూశారు.

"ఏంట్రా, నువ్వేమంటావు?"

ఒక్క జోకు వేస్తే సభంతా నవ్వేసి ఇంటికెళ్ళిపోతుంది. ఆయనకి కావలసిందీ అదే, నాకూ అదే. తీరా నోరు తెరిస్తే, నీళ్ళు ఉప్పగానే ఉన్నాయండి అన్న ముక్కొక్కటే బయటికొచ్చింది. నా నోట ఏది వచ్చినా జోకే అని అలవాటైన జనం విరగబడి నవ్వారు. మా పిల్ల మాత్రం కూర్చోలేదు. వాళ్ళు నవ్వి నవ్వి అలిసేదాకా నిలబడి, అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చూద్దాంలేమ్మా అన్నారాయన. ఆ పంట రొయ్యలు పట్టేదాకా, ఇవాళ పొమ్మంటారేమో అనుకుంటూనే రోజూ చెరువు మీదకెళ్ళాను. ఆయన పొమ్మనలేదు, నవ్వనూ లేదు. తర్వాతి పంటకి నాకు కబురు రాలేదు, మా వీధికి కాలవ నీళ్ళ కుళాయి మాత్రం వచ్చింది. ఉద్యోగమిచ్చి కుళాయి తెచ్చుకున్నామని మా ఆవిడ చాన్నాళ్ళు దెప్పింది, ఆ నీళ్ళే తాగుతూ.

ఇప్పుడు నీళ్ళ టిన్ను ఆటోలో గుమ్మంలోకే వస్తోంది, ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. జపాను పిల్లలు ఏ నీళ్ళు తాగుతారే అని మనవరాల్ని అడిగితే, అది ప్రాజెక్టులో లేదు తాతయ్యా, జెండా వంకరపోకుండా చూడు అంది. అంటించాను. లేచి కూర్చున్న ఆ పాత భయం మళ్ళీ పడుకుంది. ఎందుకో, పడుకోకుండా ఉంటే బావుండుననిపించింది.