తోక కోసే మనిషి

మా ఇంటికి ఎవరొచ్చినా పులస కథ వినిపించందే కాఫీ ఇప్పించను. ఒక వరదలప్పుడు ధవళేశ్వరం నుంచి నేను తెచ్చిన చేప అది. మొదట్లో మూరెడుండేది. తరవాత ఏటేటా పెరిగి, మా పెళ్లయిన ఇరవయ్యో ఏటికి ఆటోలో పట్టక, తోకతో బ్యారేజీ రోడ్డంతా ఊడ్చుకుంటూ వచ్చింది.

సరిగ్గా అక్కడికొచ్చేసరికి వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడేది.

"ఏవండీ, కాస్త తోక కోసి చెప్పండి. వాళ్లు మళ్లీ ఇళ్లకెళ్లాలి!"

జనం నా కథకి కాదు, ఆ మాటకి నవ్వేవారు. పాతికేళ్లు నాకు ఒళ్లు మండింది.

రెండేళ్ల కిందట ఆవిడ ఒకే పులుసులో మూడుసార్లు ఉప్పేసింది. తరవాత, ఎవరింట్లోనూ మంచినీళ్లయినా అడగని మనిషి, బస్సులో పక్కావిడ ఒళ్లోంచి జామకాయ తీసుకుని కొరికేసింది. రాజమండ్రి డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి, "మెదడులో ఒక రకం ప్రోటీను ముద్దలు కడుతోందండి. ముందు జ్ఞాపకం పోతుంది, తరవాత స్వభావం మారుతుంది" అన్నారు.

ప్రోటీనన్న ముక్క పట్టుకుని నెల్లాళ్లు ఇంట్లో పప్పు, గుడ్డు, చేప బందు చేశాను. డెల్టా పుట్టాక అంతటి కరువు మా వంటింట్లోనే వచ్చింది.

"తినేది వేరండి, ఇది వేరు. శుభ్రంగా పప్పు పెట్టండి" అన్నారాయన.

"పోనీ, ఎండాకాలం కాలువ కట్టేసి పూడిక తీయిస్తారు కదండీ, అలాంటిదేమైనా..."

"కొంత నెమ్మది చేయగలమేమో గానీ, పోయింది వెనక్కి రాదండి."

మొన్న వానలో పక్కింటి మాస్టారొచ్చారు. ఆవిడ నా పక్కనే కూర్చుంది. కావాలనే చేపని పెంచాను. తల మా గుమ్మంలో ఉంది, తోక పాలకొల్లులో ఉంది. ఆగాను. ఎక్కడో ఓ మూల ఆ మాట మిగిలి ఉండకపోతుందా అని ఆవిడ మొహం వంకే చూశాను.

"అంత చేపని మీరొక్కరే మోశారాండీ?" అంటూ నా భుజం పట్టడం మొదలెట్టింది. "ఎంత నొప్పెట్టిందో!"

మాస్టారు నవ్వలేదు. గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

"మూరెడే, అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఊరుకోండి, మీరు అబద్ధమాడతారా?" అంది, రెండో భుజం పడుతూ.