డోలక్ పక్కన గాలిదిండు

మా తమ్ముడు నథానియేల్‌కి సిగ్గెక్కువ. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఒకే తల్లి కడుపున ఇద్దరం ఇలా ఎలా పుట్టామో ఆ దేవుడికే తెలియాలి. నలభై ఆరేళ్లొచ్చినా వాడు దుకాణంలో బనియన్ అడగాలంటే పక్కన ఆడవాళ్లు వెళ్లిపోయేదాకా ఆగుతాడు.

బీదర్ గాంధీ గంజ్ మార్కెట్‌లో కందుల బస్తాలు ఎక్కించుకుని నౌబాద్‌లోని పప్పు మిల్లులకు చేర్చడం వాడి పని. పొద్దున్నే ట్రాలీ ఆటో ఎక్కితే దిగేది చీకటి పడ్డాకే. దారిలో ఎక్కడ ఆపుకోవాలోనని నీళ్లు తాగడు. ఆకలేస్తే మిరపకాయ బజ్జీలు. ఆదివారం మాత్రం వేరే మనిషి. మందిరంలో చాప మీద బాసింపట్టు వేసుకుని డోలక్ అందుకున్నాడంటే ముసలమ్మల చేతులు కూడా ఆగవు.

కిందటేడు జూలైలో ఒక గురువారం మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అక్కా, శనివారం నీకేమన్న పనుందా?"

"మందిరం ఊడ్చే వంతు నాదిరా. ఎందుకు?"

గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల వైపు చూశాడు. "దొడ్డికి పోతే నెత్తురు పడుతాంది. రెండు నెల్లాయె. మొలలనుకుంట."

"గంతేనా? పరేషాన్ గాకు. రేపు ప్రార్థనల పెడ్త."

"సరే" అని వెళ్లిపోయాడు. వాడు ఇంకేదో అడగబోయి ఆగినట్టు నాకు కనపడింది. పట్టించుకోలేదు.

శుక్రవారం మా ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. ఒక్కొక్కరం లేచి ప్రార్థన అవసరాలు చెప్పుకుంటాం. ఎవరి పేరు, ఏ జబ్బు, ఎన్నాళ్లుగా అన్నీ విడమరిచి చెప్పాలి. దాస్తే దేవుడి దగ్గర దాచినట్టేనని మా లెక్క. నేనూ లేచి మా నథానియేల్ మొలల సంగతి, నెత్తురు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. ఇరవై మందికి పైగా ఆడవాళ్లు కన్నీళ్లతో ప్రార్థించారు. దొంగ ఏడుపులు కావు, నిజంగానే ఏడ్చారు. నా బాధ్యత తీరిందని ఇంటికి వచ్చి హాయిగా భోంచేశాను. ఆ భోజనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆదివారం నథానియేల్ వచ్చేసరికి డోలక్ పక్కన నడుమ రంధ్రమున్న నీలం గాలిదిండు ఉంది. సంఘ పెద్ద జాన్సన్ ప్రేమగా ఇంటి నుంచి తెచ్చాడు.

"కూసో నాయనా, సిగ్గెందుకు? సంఘమంతా నీ కోసం మోకాళ్ల మీదుంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, వాడు కోపమైనా తెచ్చుకునేవాడు. దిండును చూశాడు, నన్ను చూశాడు, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి డోలక్ ముట్టలేదు, మా గడపా తొక్కలేదు.

ఆసుపత్రికీ వెళ్లలేదు. బీదర్‌లో ఏ ఆసుపత్రిలో చూసినా నర్సో, ఆయమ్మో మా సంఘం మనిషి ఒకరుంటారు. "వందనాలు బ్రదర్" అని ఎవరో ఒకరు పలకరిస్తారని వాడి భయం. అందుకని హుమ్నాబాద్ దారిలో రేకుల షెడ్డులో కూర్చునే నాటువైద్యుడొకడి దగ్గరికి పోయాడు. కోత లేకుండా మూడు రోజుల్లో రాలిపోతాయని చెప్పి ఆ వైద్యుడు ఏదో మంట మందు పెట్టాడట. వారం తిరక్కుండా మా మరదలు లీయా ఫోన్ చేసింది.

"వదినా, జ్వరం మండిపోతాంది. మనిషి మంచం మీదికెల్లి లేస్తలేడు."

మందు పెట్టిన చోట పుండై, చీము పట్టింది. ఆసుపత్రిలో చేర్చాం. డాక్టర్ సోనాలి నన్ను కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. అక్కడ రక్తనాళాల మెత్తలు అందరికీ ఉంటాయట. గట్టి విరేచనానికి ముక్కీ ముక్కీ, గంటల తరబడి కూర్చునీ అవి ఉబ్బితే మొలలు. చాలామందికి ఆకుకూరలు, పొట్టు ఉన్న తిండి, సరిపడా నీళ్లు, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోవడంతోనే సర్దుకుంటాయట. తగ్గకపోతే లోపలి మొల మొదలుకు చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు, అది ఎండి రాలిపోతుంది. కోత కొందరికే. నెత్తురు పడితే మాత్రం మొలలే అని ఇంట్లో తీర్మానించుకోకుండా చూపించుకోవాలి, వేరే జబ్బూ కావచ్చు.

"మొదట్లోనే వచ్చుంటే బ్యాండు పది నిమిషాల పని" అందామె.

బోర్లా పడుకున్న నథానియేల్ దగ్గరికి వెళ్లి, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని నేనే కసిరాను. నాకు బుద్ధి ఎప్పుడుంది కనక!

వాడు మొహం తిప్పకుండానే అన్నాడు. "నేను ప్రార్థనకు చెప్పలే అక్కా. శనివారం దవాఖానకు తోడొస్తవని అడుగ వచ్చిన."

ఆ రోజు వాడి మాట నేను విన్నాను. వాణ్ణే వినలేదు.

పుండు మానడానికి నెల పైనే పట్టింది. ట్రాలీలో ఇప్పుడు నీళ్ల సీసా ఉంటుంది, గంటకోసారి దిగి నడుస్తాడు. మొలలకు మొదటి బ్యాండు వేయించుకునేటప్పుడు నేనొస్తానంటే "వద్దులే అక్కా, లీయా ఉంది" అన్నాడు. ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. తగలాల్సిందే.

కొన్ని వారాల తర్వాత ఒక గురువారం వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు. టీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, శనివారం నీకేమన్న పనుందా?"

మందిరం ఊడ్చే వంతు మళ్లీ నాదే.

"ఏం పని లేదు. ఎన్నింటికి?"

మర్నాడు ప్రార్థనలో పాస్టరమ్మ అడిగింది. "హెలెనమ్మా, ఏమన్న అవసరమున్నదా?" అందరూ నా వైపే చూస్తున్నారు. లేదని తలూపి కూర్చున్నాను. దేవుడికి చెప్పాల్సింది పొద్దున్నే ఇంట్లో చెప్పుకున్నాను.

శనివారం పది గంటలకు ఆసుపత్రిలో వాడికి లోపల రెండో బ్యాండు వేస్తుంటే, బయట బల్ల మీద నేను వాడి చెప్పులు, ఫోను, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. డోలక్ ఎప్పుడు పడతావని వాణ్ణి అడగలేదు. మందిరం ఆ వారం దుమ్ముతోనే ఉంది.