జపాన్ షెడ్డుకి నీళ్ళు

నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎనభైల్లో మాచర్ల పక్కన ఒక నాపరాళ్ళ ఫ్యాక్టరీలో పనిచేశాను. ఓనరు చెడ్డవాడు కాదు, కానీ నోరు తెరిస్తే జపానే. “యుద్ధంలో బూడిదైన దేశం. మనకి స్వాతంత్ర్యం వచ్చిననాడు మనకంటే అధ్వానంగా ఉండింది. ఇయ్యాల రేడియో వాళ్ళదే, వాచీ వాళ్ళదే. ఇన్నేళ్ళూ మనం ఏం చేశాం?” అని మమ్మల్ని నిలబెట్టి అడిగేవాడు. మాకేం తెలుసు? పొద్దున్నుంచి రాళ్ళు కొడుతూనే ఉన్నాం.

కొత్త కోత మిషను తెచ్చాక ఆ పిచ్చి ముదిరింది. మిషను ఉన్న షెడ్డుకి జపాన్ అని పేరు పెట్టాడు. ఆ మిషను వచ్చింది కోయంబత్తూరు నుంచి. ఆడవాళ్ళం ఉలితో అంచులు కొట్టే రేకుల షెడ్డు ఇండియా. రోజూ సాయంత్రం జపాన్‌లో ఎన్ని బండలు, ఇండియాలో ఎన్ని బండలు అని గోడ మీద రాసేవాడు.

నా మొగుడు జపాన్ షెడ్డులో మిషను మీద ఉండేవాడు. ఇంటికొచ్చి నా ప్రాణం తీసేవాడు.

“ఏమే ఇండియా, అన్నం పెట్టు.”

“మీ జపానోళ్ళని పెట్టమను. మిషను మీద వండుతారంట గదా.”

“కుళ్ళు. లెక్కలో ఎనకబడ్డారని చానా కుళ్ళు మీకు.”

ఎండలు ముదిరేసరికి బోరులో నీళ్ళు సన్నబడ్డాయి. బండ కోసేటప్పుడు మిషను బ్లేడు మీద నీళ్ళు పడకపోతే అది కాలిపోతుంది. రోడ్డు అవతల బావి నుంచి బిందెలతో మోసే పని మాకే పెట్టారు. సగం రోజు దానికే పోయేది. ఇక మా బండలు ఎక్కడ పెరుగుతాయి? ఓనరు గోడ చూసి, “ఇట్టయితే లాభం లేదు. నెలాఖరుకి ఇండియా షెడ్డు మూసేస్తా,” అన్నాడు. ఆ కాలంలో చేలల్లో కూడా పని ఉండదు. షెడ్డు మూస్తే మాకు కూలి లేనట్టే.

ఇంటికి పోయే దారిలో మొగుణ్ణి అడిగాను.

“మీ నీళ్ళు మోసేది మేమని ఆయనకి చెప్పయ్యా.”

“ఆయనకి తెలవదా ఏంది?”

“తెలిస్తే లెక్కలో ఎందుకు కలపడు?”

“నీళ్ళకీ బండలకీ ఏం పోలికే?”

నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు, మాతో పనిచేసే పక్కింటి పిన్ని బిందె ఎత్తబోతుంటే ఆపాను. “ఉండు పిన్నీ. ఇయ్యాల మన దేశం పని మనం చూసుకుందాం.” అందరం బిందెలు బోర్లించి ఉలులు పట్టాం. మధ్యాహ్నం కాకముందే మిషను ఆగిపోయింది. నా మొగుడు మొహం తుడుచుకుంటూ వచ్చి మా షెడ్డు బయట నిలబడ్డాడు.

“ఏమే, నాలుగు బిందెలన్నా పోయండే.”

“పాసుపోర్టు ఏదయ్యా అల్లుడూ? ఊరికే మా దేశంలోకి వచ్చావు?” అంది పిన్ని. అందరూ పకపకా నవ్వారు. అతను నవ్వలేదు.

కాసేపటికి ఓనరు వచ్చాడు. ఆగిన మిషను చూశాడు, బిందెలు చూశాడు.

“అయ్యా, షెడ్డు మూస్తే మేం ఉండం. మీకు నీళ్ళూ ఉండవు,” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. పిన్ని అదే మాట గట్టిగా మళ్ళీ చెప్పింది.

ఆయన తల గోక్కున్నాడు. “సరే, మూయను. ముందు నీళ్ళు పోయండి.” రెండడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. “జపాన్‌లో ఇట్టా పని ఆపరు, తెలుసా?”

ఆ రోజు ఇండియా బండలే ఎక్కువ. ఆ ఒక్క రోజూ ఆయన గోడ దగ్గరికే రాలేదు.

షెడ్డు మూయలేదు. మా కూలి మాకు వచ్చింది. వానలు పడేదాకా నీళ్ళు మోస్తూనే ఉన్నాం. మోసినందుకు ఒక్క బండ కూడా మా లెక్కలో కలపలేదు. ఎన్నిసార్లు అడిగినా, “దానికీ దీనికీ సంబంధం లేదమ్మా,” అనేవాడు. అడిగి అడిగి నాకే విసుగొచ్చి మానుకున్నాను.