అత్త గిటారుకు లక్క పూత

మా మేనత్త ఇరవై ఏడేళ్లుగా ఆసుపత్రిలో మందుల కౌంటరు చూస్తోంది. చీటీ రెండుసార్లు చదివి, మాత్రలు మూడుసార్లు లెక్కపెట్టి గాని ఎవరి చేతిలోనూ పెట్టదు. ఇంట్లోనూ అదే పద్ధతి. ఉప్పు డబ్బా మీద "ఉప్పు" అని, తెరిచిన తేదీతో సహా రాసి అంటించి ఉంటుంది. పక్కనున్న చక్కెర డబ్బా మీద మామయ్య ఒకసారి "రోజుకు మూడుసార్లు, భోజనం తర్వాత" అని రాశాడు. అత్త దాన్ని చింపలేదు. కింద "డాక్టరు సలహా మేరకే" అని చేర్చింది.

అలాంటి మనిషి యాభై రెండో ఏట గిటారు తయారుచేయడానికి పూనుకుంది. వాయించడం రాదు. నేను నా గిటారుకి తీగలు కొనుక్కోవడానికి దుకాణానికి వెళ్తూ ఆవిడను వెంటబెట్టుకుపోవడమే నేను చేసిన పొరపాటు. ఊసుపోక ఒక గిటారు మధ్యనున్న గుండ్రటి కన్నంలోంచి తొంగిచూసి, లోపల అతికించిన సన్నటి కర్రపట్టీలు చూసి, "అమ్మో, లోపల ఇంత పనుందా!" అంది. అంతే. ఆర్నెల్లు ఆదివారాలన్నీ వడ్రంగం నేర్పే షెడ్డుకి పోయాయి. ఆ తర్వాత ఏడాది పాటు వెనక వరండా ఆవిడదైంది, మామయ్య సైకిలు గోడ బయట వానలో నిలబడింది. పక్కచెక్కలు తడిపి వేడి గొట్టం మీద వంచుతుంటే రెండు విరిగాయి. మూడోది వంగింది. ఆ రోజు ఆవిడ కౌంటర్లో కూడా నవ్విందని సాక్షులున్నారు.

ఇక పూత ఒక్కటే మిగిలింది. బండి అక్కడ ఆగిపోయింది.

వార్నిష్ దట్టంగా వేస్తే గీతలు పడవు గాని, పైపలక బిగుసుకుపోయి సరిగ్గా మోగదు. లాకర్ అనే మెరుగు స్ప్రే చేస్తే అద్దంలా మెరుస్తుంది గాని, ఆ ఘాటుకి ఇల్లు ఖాళీ చేయాలి. నూనె సులువే, కాని మెత్తటి చెక్క దాన్ని పీల్చుకుని మందకొడిగా పలుకుతుంది. లక్క పూత పల్చన, మోత బాగుంటుంది, అయితే చెమటకీ వేడికీ గోటికీ దేనికీ ఆగదు. అత్త మిగిలిన చెక్కముక్కలు పద్దెనిమిది కోసి, ఒక్కోదానికి ఒక్కో పూత వేసి, నంబర్లు అంటించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ కళ్లు మూసుకోమని, చెవి దగ్గర ముక్క పెట్టి వేలితో కొట్టేది. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన కూడా తప్పించుకోలేకపోయాడు.

"ఏడో నంబరు బాగుందండీ. ఇక నన్ను వదిలేస్తారా?"

"పన్నెండు ఇంకోసారి వినండి, ఒక్క నిమిషం."

ఇలా నాలుగు నెలలు. గిటారు దుప్పటి కింద బోసిగా పడుకునే ఉంది.

ఒక ఆదివారం మామయ్య సైకిలు చైనుకి నూనె వేసి, అదే చేత్తో దుప్పటి ఎత్తి చూశాడు. తెల్లటి పైపలక మీద నల్లగా బొటనవేలి ముద్ర.

"ఏమండీ, ఇది ఎవరి వేలు?"

"నువ్వు ఎంతకీ మొదలుపెట్టకపోతేనూ, నేనే మొదటి పూత వేశాను."

అత్త ఆ రోజంతా గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ మరకను చాలావరకు పోగొట్టింది. మర్నాడు పొద్దున్నే ముక్కలన్నీ సంచిలో వేసుకుని పక్కవీధికి వెళ్లింది. అక్కడ పాత కుర్చీలకూ బీరువాలకూ మెరుగుపెట్టే పెద్దాయన్ని అందరూ పాలిష్ బాబాయి అంటారు. ఆయన పద్దెనిమిదీ తిప్పితిప్పి చూశాడు.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. చెడ్డది ఒక్కటీ లేదు."

అత్తకి ఒళ్లు మండింది. "మరి ఎలా ఎంచుకోవాలి బాబాయ్‌గారూ?"

"తప్పు చేస్తే మళ్లీ తుడిచేసుకోగలిగింది పట్టుకో. మొదటిసారి కదా, తప్పు ఖాయం."

"ఖాయమా? ఇరవై ఏడేళ్లలో నేను ఒక్క మాత్ర కూడా..."

"మందుల సంగతి వేరు తల్లీ. లక్క వెయ్యి. చెడితే స్పిరిట్‌తో కరిగిపోతుంది."

లక్క పలుకులు స్పిరిట్‌లో నానబెట్టి, గుడ్డలో దూది చుట్టి, నాలుగేసి చుక్కలు అద్దుతూ పని మొదలుపెట్టింది. మూడోరోజు ముసురు పట్టింది. మానుకోవచ్చు, కాని ఆవిడ రాసుకున్న పట్టికలో ఆ రోజు రెండు పూతలున్నాయి. సాయంత్రానికి పైపలకంతా పొగపట్టినట్టు తెల్లబడింది. నేను వెళ్లేసరికి వంటింటి గడప మీద కూర్చుని ఉంది. మామయ్య హాస్యాలన్నీ మింగేసి ఆవిడ పక్కనే, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, కూర్చున్నాడు.

పాలిష్ బాబాయి వచ్చి చూసి పకపకా నవ్వాడు. "తేమ పట్టింది, అంతేగా! ఎండ రానీ."

ఎండ వచ్చింది. స్పిరిట్ తడితో తుడిస్తే తెలుపుతో పాటు పూత కూడా పోయింది. అత్త మళ్లీ మొదటి నుంచి అందుకుంది, ఈసారి పట్టిక లేకుండా. రోజూ పొద్దున్నే వరండాలో నిలబడి గాలిలో తేమ ఎంతో చెప్పే ఉద్యోగం మామయ్యకి పడింది. "రోగి పరిస్థితి నిలకడగా ఉంది" అని అరిచేవాడు.

మూడు వారాలకి తీగలు బిగించాం. చెక్క తేనెరంగు తిరిగింది. వంచి చూస్తే అక్కడక్కడా గుడ్డ లాగిన జాడలున్నాయి. శ్రుతి చేసి నేను ఒక్కసారి మీటాను. ఆ మోత గదిలో చాలాసేపు నిలిచింది. అత్త కళ్లు తుడుచుకుని, "ఐదో తీగ కొంచెం గరగరలాడుతోంది, విన్నావా?" అంది.

ఇప్పుడు ఆవిడ వాయించడం నేర్చుకుంటోంది. రెండు కార్డులు, అంటే తీగల మీద వేళ్లు పెట్టే రెండు పట్లు, వచ్చు. మొదటిదాన్నుంచి రెండోదానికి వేళ్లు మారేలోపు మామయ్య పక్కన కూర్చుని పాడే పాట ఒక చరణం దాటిపోతుంది. ఆవిడ ఆగమంటుంది. ఆయన ఆగడు.