54.60 పెట్టింది ఖాజా కాదు

నిన్న మధ్యాహ్నం అన్నం బాక్సు మూత తీస్తుంటే ఫోన్ వచ్చింది. "ఖాజా భాయ్ పోయిండు. షెడ్డుల మంటలు లేచినయ్."

ఏ ఖాజా అని అడిగాను.

తెలిసే అడిగాను.

మా శామీర్‌పేట ఖాజా. ఐటీఐలో నా పక్క బెంచీ. మేడ్చల్‌లో కరెంటు స్కూటర్ల బ్యాటరీలు రిపేర్ చేసే షెడ్డులో టెక్నీషియన్. ఇవాళ మధ్యాహ్నం నమాజ్ తర్వాత మట్టి ఇచ్చి వచ్చాం.

ఏడుపు రావట్లేదు. ఒళ్లు మండిపోతోంది.

ఎందుకంటే టెంటు కింద కూర్చున్నవాళ్లు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు. "చార్జర్ల వోల్టేజీ ఎక్కువ పెట్టిండంట. ఆయన తప్పేనంట."

ఈ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అందుకే రాస్తున్నా. కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది, అయినా పూర్తిగా చదవండి.

ఆ బ్యాటరీలు నిండాలంటే చార్జర్ 54.6 వోల్టులు ఇవ్వాలి. మీటర్ చూస్తూ, చార్జర్‌లోని చిన్న స్క్రూ తిప్పుతూ సెట్ చేయాలి. ఖాజా పని అదే.

ఈమధ్య ఓనర్ కొత్త డిజిటల్ మీటర్ కొన్నాడు. పెద్ద డిస్‌ప్లే. పాత మీటర్ పాయింట్ తర్వాత ఒక్క అంకె చూపిస్తే, ఇది రెండు చూపిస్తుంది. షెడ్డంతా మురిసిపోయింది. పాతదాన్ని స్క్రాప్‌లో పారేశారు.

ఖాజాకి మాత్రం డౌట్ కొట్టింది. దూలపల్లిలో నేను పనిచేసే టెస్టింగ్ సెక్షన్‌కి ఆ కొత్త మీటర్ పట్టుకొచ్చాడు. మా దగ్గర ఏటా కాలిబ్రేషన్, అంటే సరిగ్గా చూపిస్తోందా లేదా అన్న తనిఖీ, చేయించే మీటర్ ఉంది. రెండింటినీ ఒకే సప్లైకి పెట్టాం.

మాది 54.6 అంటోంది. వాళ్లది 53.40 అంటోంది. అదీ ఎంత ధీమాగా! చివరి సున్నా కూడా కదలట్లేదు.

డబ్బాలో వచ్చిన కాగితం తీసి చూశాం. అక్యురసీ ప్లస్ ఆర్ మైనస్ అర శాతం, దాని మీద చివరి స్థానంలో ఇంకో మూడు అంకెల తేడా. అంటే మీటర్ కొత్తగా, బాగా ఉన్నప్పుడు కూడా ఈ రీడింగ్ దగ్గర 0.3 వోల్టు అటో ఇటో ఉండొచ్చని తయారుచేసినవాళ్లే ఒప్పుకుంటున్నారు. మరి ఆ రెండో అంకె ఎందుకు? చూపించగలదు కాబట్టి చూపిస్తోంది, అంతే. ఎంత చిన్న తేడా చూపగలదో అది రిజల్యూషన్. చూపించింది ఎంతవరకు నిజమో అది అక్యురసీ.

ఖాజా వెంటనే పట్టేశాడు. "సెకన్ల ముల్లున్న గడియారం గూడ పది నిమిషాలు లేటుండొచ్చు గదా భాయ్!"

ఈ మీటరైతే ఆ 0.3 కూడా దాటిపోయి, ఒక వోల్టుకు పైనే తక్కువ చూపిస్తోంది. తక్కువ చూపిస్తే ఏమవుతుందిలే అనుకోకండి. మీటర్ తక్కువ చూపిస్తే మనం ఎక్కువ ఎక్కిస్తాం. ఎక్కువ ఎక్కితే బ్యాటరీ వేడెక్కి అంటుకుంటుంది.

ఓనర్‌కి చెప్పాడు. ఆయన జవాబు ఇదీ: "పాయింట్ తర్వాత రెండు నంబర్లు చూపిస్తాంది, ఇంకేం గావాలె నీకు? పని జెయ్."

ఖాజా అలాంటివాడు కాదు, నమ్మేసి ఊరుకోవడానికి. శామీర్‌పేటలో చేపలు కొనేటప్పుడు కూడా ముందు కాంటా మీద కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టించి చూసేవాడు. అమ్మే అవ్వ తిడుతూనే నవ్వేది. మా దగ్గర రెండు మీటర్లూ పోల్చి చూసినప్పటి నుంచి ఆ తేడా మనసులో లెక్కేసుకుని, మీటర్ 53.40 చూపగానే స్క్రూ ఆపేసేవాడు. అదే సరైన సెట్టింగ్.

మొన్న సాయంత్రం ఆ 53.40 సూపర్‌వైజర్ కంట్లో పడింది. స్కూటర్లు మైలేజీ ఇవ్వట్లేదని అప్పటికే కస్టమర్ల గోల. చార్జింగ్ తక్కువ పెడుతున్నావని అందరి ముందు ఖాజాని తిట్టాడు. స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. 54.60 కనపడేదాకా చార్జర్లన్నీ తనే తిప్పాడు.

అంటే అసలు వోల్టేజీ యాభై ఐదు దాటిపోయింది. పాత సెల్స్, రేకుల షెడ్డు, ఈ ఎండ.

ఆ రాత్రి ఖాజా ఇంటికి వెళ్లి నాకు ఫోన్ చేశాడు. "నా మాట ఇంటలేడు భాయ్. గీ మీటర్ ఇంటికి తెచ్చిన. రేపు డ్యూటీ అయినంక నీ మంచి మీటర్ వట్టుకొని రా. ఆయన ముంగటనే పెట్టి సూపిద్దం."

నిన్న పొద్దున అతను వెళ్లేసరికే బ్యాటరీలు చార్జింగ్‌లో ఉన్నాయి. ఆపమంటే సూపర్‌వైజర్ ఆపలేదు. పొగ లేచాక మెయిన్ స్విచ్ కొట్టడానికి లోపలికి వెళ్లింది ఖాజా. స్క్రూ తిప్పినవాడు గేటు బయట నిలబడ్డాడు.

ఇవాళ పొద్దున ఆ సూపర్‌వైజరే ఇంటికొచ్చాడు. అప్పటికింకా ఖాజాని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురాలేదు. ఓదార్చడానికి వచ్చాడనుకున్నాం.

"కంపెనీ మీటర్ మీ ఇంట్ల ఉన్నదంట. ఇయ్యమ్మా" అని అడిగాడు.

సిగ్గుండాలి.

ఖాజా భార్య రేష్మా భాభీ ఏడుపు ఆపి లేచి నిలబడింది. "నా మనిషిని నాకు తిరిగి ఇచ్చినవా, మీటర్ అడుగుతున్నవ్? పోలీసోళ్లకే ఇస్త, పో" అంది.

రేపు పొద్దున భాభీతో స్టేషన్‌కి వెళ్తున్నా. మీటర్ అప్పజెప్తాం. నేను చూసింది, ఫోన్‌లో విన్నది అంతా చెప్తా.

ఆ షెడ్డులో పనిచేసేవాళ్లు ఈ పోస్ట్ చూస్తున్నారని తెలుసు. ఎవరు తిప్పారో మీరు కళ్లారా చూశారు. పని పోతుందని భయపడొద్దని చెప్పను, భయం ఉంటుంది. కానీ ఇవాళ ఖాజా మీద మట్టి వేసిన చేతుల్లో మీవీ ఉన్నాయి. అతని మీద నింద కూడా మీరే వేయకండి.

ఖాజా, నువ్వు కరెక్టుగానే పెట్టావురా. నిశ్చింతగా పడుకో.

అల్లా నీకు శాంతినివ్వాలి. నాకు మాత్రం ఇప్పుడే వద్దు.